పాఠకుల ప్రశ్నలు: బ్యాటరీ చచ్చినప్పుడు ఆర్వీ స్లైడ్లను, జాకులను కదిలించడం ఎలా?

ఆర్వీల్లో, అంటే లోపల ఇల్లులా అమర్చిన బండ్లలో నివసించేవారికీ, వాటిలో దూరప్రయాణాలు చేసేవారికీ ఎదురయ్యే ఒకే ఇబ్బంది గురించి ఈసారి వరుసగా ఉత్తరాలు వచ్చినందువల్ల శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయించాము. బండిని నిలిపిన చోట గదిని పక్కకు జరిపి వెడల్పు చేసే స్లైడ్లు గాని, బండిని నేల మీద సమంగా నిలబెట్టే జాకులు గాని దాదాపు అన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తాయి. అందువల్ల బ్యాటరీ చచ్చిన రోజున, గది బయటికి చాచి ఉన్న బండిని రోడ్డెక్కించే వీలుండదు. బండి రకాన్నిబట్టి, లోపలి యంత్రాంగాన్నిబట్టి మార్గం మారుతుంది కాబట్టి ఉత్తరాలను విడివిడిగానే తీసుకుంటున్నాము.

ప్రశ్న: మా ట్రైలరును కొన్ని వారాలపాటు కరెంటు కనెక్షన్ లేకుండా, స్లైడ్ బయటికి ఉంచి నిలిపాము. బయలుదేరుదామని స్విచ్ నొక్కితే స్లైడ్ చిన్న మూలుగు మూలిగి ఆగిపోయింది. లోపలి దీపాలు మసకగా వెలుగుతున్నాయి. కారును పక్కన నిలిపి జంపర్ కేబుళ్ళతో స్లైడ్‌ను లోపలికి లాగవచ్చా?

జవాబు: లాగవచ్చు. అయితే ముందుగా ఆ స్విచ్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కడం మానండి. అసలు కరెంటే లేని స్లైడ్ ఉన్నచోటే ఉంటుంది, దానివల్ల నష్టం లేదు. చాలీచాలని వోల్టేజీతో నడిపిన స్లైడ్ మాత్రం సగం దాకా వచ్చి ఇరుక్కుంటుంది. వోల్టేజీ పడిపోయినప్పుడు మోటారు ఆ భారాన్ని లాగలేక తిరగడం మానేస్తుంది, తిరగని మోటారులోకి వెళ్ళిన కరెంటు అంతా వేడిగా మారుతుంది, మోటారుకు కరెంటు కలిపే రిలేలు టకటకా కొట్టుకుని వాటి కాంటాక్టులు మాడి అతుక్కుపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

తరువాత చేయవలసిన పని మల్టీమీటరుతో బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజీ చూడడం. సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపిస్తే సగం, 12.0 చూపిస్తే పావు వంతు మిగిలినట్టు, 11.8 కంటే తగ్గితే ఖాళీ అయినట్టే. ఆ తరువాత మరొకరిని స్విచ్ ఒక్క క్షణం నొక్కమని మీటరు ముల్లునో అంకెనో గమనించండి. అంకె ఒక్కసారిగా 10 వోల్టుల దరిదాపులకు జారిపోతే దోషం బ్యాటరీదే. స్విచ్ నొక్కినా 12.5 దగ్గర కదలకుండా నిలిస్తే మాత్రం బ్యాటరీలో శక్తి ఉంది, అది మోటారును చేరడం లేదన్నమాట. అప్పుడు జంపర్ కేబుళ్ళు ఎన్ని తగిలించినా లాభం లేదు. ఎవరో మరచి తిప్పిన బ్యాటరీ డిస్కనెక్ట్ స్విచ్‌ను, బ్యాటరీకి అడుగు దూరంలో రెండు బోల్టులతో చిన్న డబ్బీలా ఉండే సర్క్యూట్ బ్రేకరును, తెల్లటి పొడి పట్టిన టెర్మినళ్ళను ఆ వరుసలో చూడాలి. మీ దీపాలు మసకబారాయని రాశారు కనుక మీ విషయంలో బ్యాటరీయే చచ్చి ఉండవచ్చు.

ఇక్కడ ఒక లెక్క చూస్తే ధైర్యం వస్తుంది. ఎలక్ట్రిక్ స్లైడ్ మోటారు 25 ఆంపియర్లు తీసుకుంటూ 40 సెకన్లలో గదిని లోపలికి లాగిందనుకుంటే, ఖర్చయ్యేది 0.3 ఆంపియర్ అవర్ కంటే తక్కువ (ఒక ఆంపియరు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్). 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఇది లెక్కలోకి రానంత కొద్ది మొత్తం. నూనె ఒత్తిడితో స్లైడ్లనో జాకులనో నడిపే హైడ్రాలిక్ పంపు 120 ఆంపియర్లు తీసుకుంటూ రెండు నిమిషాలు నడిచినా అయ్యేది 4 ఆంపియర్ అవర్లే. కావలసింది బిందెడు నీళ్ళే అయినా వాటిని ఒక్క ఉదుటున కుమ్మరించాలి, సన్నగా కారే కుళాయితో ఆ పని జరగదు. కాబట్టి మీరు వెతకవలసింది పెద్ద నిల్వను కాదు, కొద్దిసేపైనా బరువైన కరెంటును వోల్టేజీ పడిపోకుండా ఇవ్వగల దారిని.

కారు బ్యాటరీ, నడుస్తున్న ఇంజిను మీది ఆల్టర్నేటరు కలిసి ఆ పని చక్కగా చేయగలవు. లోపమల్లా మధ్యలోని తీగల్లో ఉంటుంది. చవకగా దొరికే సన్నని కేబుళ్ళు చాలావరకు రబ్బరు మందమే తప్ప లోపల రాగి తక్కువ. 6 గేజి కేబుల్ (గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు) 6 మీటర్ల పొడవుంటే, పోను రాను 12 మీటర్ల తీగలో 100 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. పొట్టిగా, లావుగా, 4 గేజి గాని అంతకన్నా లావుగా గాని ఉన్న కేబుళ్ళు వాడండి.

తగిలించేటప్పుడు తీగల రంగును నమ్మకండి. కార్లలో నలుపు నెగటివ్ అని అందరికీ అలవాటు. ట్రైలర్లలో మాత్రం తెల్ల తీగ నెగటివ్‌గా, నల్ల తీగ పాజిటివ్‌గా ఉండడం మామూలు. అందువల్ల బ్యాటరీ మీద అచ్చుగుద్దిన కూడిక గుర్తును చూసి, అది చెరిగిపోయి ఉంటే మీటరుతో నిర్ధారించుకుని, ఎర్ర క్లిప్పును అక్కడ పెట్టండి. రెండో కొస కారు పాజిటివ్‌కు, నల్ల క్లిప్పు కారు నెగటివ్‌కు, చిట్టచివరి క్లిప్పు ట్రైలరు బ్యాటరీకి దూరంగా, రంగు గీకిన చట్రం ఇనుము మీద. చివరి క్లిప్పు దగ్గర చిన్న నిప్పురవ్వ లేవడం సహజం, బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ దానికి దగ్గరలో ఉండకూడదనే ఈ జాగ్రత్త. ఇంజిను నడుస్తుండగా పదిహేను ఇరవై నిమిషాలు అలాగే ఉంచి, కేబుళ్ళు తీయకుండానే స్లైడ్‌ను ఒకే విడతలో పూర్తిగా లోపలికి లాగండి. వారాల తరబడి ఖాళీగా పడివున్న బ్యాటరీ మొదట్లో ఛార్జిని దాదాపు తీసుకోదు. నిజానికి స్లైడ్‌ను లాగేది కారే కనుక, బ్యాటరీ కాస్త వేడెక్కిందని కేబుళ్ళు పీకేసి స్విచ్ నొక్కితే మళ్ళీ మొదటికి వస్తుంది.

మీ ట్రైలరులో రెండు 6 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి ఉంటే, క్లిప్పులు ఆ జంట మొత్తానికి రెండు చివరల మీద పడాలి. ఒకే బ్యాటరీ మీద రెండు క్లిప్పులూ పెడితే 6 వోల్టుల దానికి 14 వోల్టులు ఇచ్చినట్టవుతుంది. అలాగే 24 వోల్టుల వ్యవస్థ ఉన్న లారీ నుంచి ఎంత సాయం వచ్చినా తీసుకోకండి. చలిప్రదేశంలో నిలిపిన బండి అయితే ముందు బ్యాటరీ పెట్టె పక్కలు ఉబ్బాయేమో చూడండి. నిండు బ్యాటరీ సున్నాకు 50 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు గాని, ఖాళీ బ్యాటరీ సున్నాకు 7 డిగ్రీల దిగువనే గడ్డకడుతుంది. గడ్డకట్టినదానికి ఛార్జి ఇవ్వడం ప్రమాదకరం.

ప్రశ్న: లాగుడు బండికీ ట్రైలరుకూ మధ్య ఏడు పిన్నుల ప్లగ్గు ఉంది కదా, దాని ద్వారా కూడా బ్యాటరీ ఛార్జి అవుతుందంటారు. కేబుళ్ళ బెడద లేకుండా ఆ ప్లగ్గు పెట్టేసి స్లైడ్ నడపకూడదా?

జవాబు: ఆ ప్లగ్గులోని ఛార్జి తీగ ప్రయాణంలో గంటల తరబడి కొద్దికొద్దిగా బ్యాటరీని నింపడానికి ఉద్దేశించినది. సాధారణంగా అది 10 లేక 12 గేజి తీగ, దాని వెనుక 30 లేక 40 ఆంపియర్ల ఫ్యూజు. ఇంజిను దగ్గరి బ్యాటరీ నుంచి ట్రైలరు ముక్కు దాకా 10 మీటర్ల దూరం అనుకుంటే, 10 గేజి తీగలో పోను రాను కలిపి 20 ఆంపియర్ల దగ్గరే 1.3 వోల్టులు పోతాయి. హైడ్రాలిక్ పంపుకు కావలసిన 100 ఆంపియర్లను ఆ తీగ నుంచి ఆశించడం అర్థం లేని పని, ఫ్యూజు ముందే పోతుంది. అయితే బ్యాటరీ బతికే ఉండి కేవలం ఖాళీ అయి ఉంటే, ఇంజిను నడుపుతూ ఈ ప్లగ్గు మీద గంటసేపు ఉంచితే చేరే ఆ కొద్ది ఆంపియర్ అవర్లు ఒక ఎలక్ట్రిక్ స్లైడ్‌కు సరిపోవచ్చు. కొన్ని బండ్లలో ఈ తీగకు కంపెనీ నుంచి ఫ్యూజో రిలేయో పెట్టకుండా విడిగా సంచిలో ఇస్తారు. దాన్ని ఎవరూ పెట్టకపోతే ప్లగ్గు పెట్టినా ఒక్క ఆంపియరూ రాదు, మీటరుతో చూసుకోవడమే మేలు.

ప్రశ్న: క్యాంప్‌గ్రౌండ్‌లో షోర్ పవర్, అంటే బయటి కరెంటు తగిలించాము, లోపల దీపాలన్నీ ధగధగా వెలుగుతున్నాయి. అయినా జాకులు కదలడం లేదు. కన్వర్టరే ఆ బయటి కరెంటును మార్చి 12 వోల్టులు ఇస్తున్నప్పుడు చచ్చిన బ్యాటరీతో మనకు పనేమిటి?

జవాబు: కన్వర్టర్ బ్యాటరీకి బదులు కాదు, దాన్ని నింపే సాధనం. మామూలు కన్వర్టర్లు 45 నుంచి 80 ఆంపియర్ల దాకా ఇవ్వగలవు. దీపాలకు, ఫ్యానుకు అది ఎక్కువే. ఎలక్ట్రిక్ స్లైడ్‌ను కూడా అది ఒంటరిగా నడపగలదు. కానీ హైడ్రాలిక్ పంపు మొదలవగానే 100 ఆంపియర్లకు పైన అడుగుతుంది, అప్పుడు కన్వర్టర్ తన పరిమితికి వచ్చి వోల్టేజీని వదిలేస్తుంది. ఆ లోటును పూడ్చవలసినది బ్యాటరీయే. బ్యాటరీ కేవలం ఖాళీ అయితే షోర్ పవర్ మీద ఒకటి రెండు గంటలు ఉంచి మళ్ళీ ప్రయత్నించండి. అంతసేపు ఛార్జి చేశాక కూడా, కరెంటు తీసేసిన కాసేపటికి వోల్టేజీ 10.5 దగ్గరకు దిగి నిలిచిపోతే అందులో ఒక సెల్ పోయిందని అర్థం. అటువంటి బ్యాటరీ తనకు వచ్చిన కరెంటును మింగుతూ మిగతా వ్యవస్థను కూడా కిందికి లాగుతుంది కనుక దాన్ని విప్పేసి, మంచి బ్యాటరీని పెట్టడం ఒక్కటే మార్గం.

మరొక అవకాశాన్ని కూడా పరిశీలించండి. ఎప్పుడైనా బ్యాటరీని తలకిందులుగా, అంటే పాజిటివ్ చోట నెగటివ్ పెట్టి, ఒక్క క్షణమైనా తగిలించి ఉంటే కన్వర్టర్ పెట్టెలో రివర్స్ పొలారిటీ అని రాసివున్న ఫ్యూజులు మాడివుంటాయి. అప్పుడు దీపాలు కన్వర్టర్ నుంచి యథాప్రకారం వెలుగుతాయి, బ్యాటరీకి మాత్రం ఛార్జి ఎన్నటికీ చేరదు. మీ లక్షణాలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. ముందు చెప్పిన తెల్ల తీగ, నల్ల తీగ గందరగోళమే దీనికి మూలకారణం కావడం చాలా మామూలు.

ప్రశ్న: మాది మోటర్‌హోమ్. హైడ్రాలిక్ జాకులు కింద దిగి ఉన్నాయి, హౌస్ బ్యాటరీలు పూర్తిగా పోయాయి, జనరేటరు కూడా స్టార్ట్ కావడం లేదు. ఇంజిను మాత్రం బాగానే స్టార్ట్ అవుతోంది. ఏదో ఒక వాల్వు తిప్పితే జాకులు వాటంతట అవే పైకి పోతాయని తెలిసినవారొకరు చెప్పారు. అది సురక్షితమేనా?

జవాబు: ఇంజిను స్టార్ట్ అవుతున్నప్పుడు వాల్వుల జోలికి వెళ్ళవలసిన అవసరమే లేదు. మోటర్‌హోమ్‌లో రెండు బ్యాటరీ వ్యవస్థలు ఉంటాయి, ఇంజినుకు ఒకటి, ఇంటి భాగానికి ఒకటి. జనరేటరు సాధారణంగా ఇంటి బ్యాటరీ మీద స్టార్ట్ అవుతుంది గనుకనే అది మొండికేసింది. డ్రైవరు ముందు పలక మీద బూస్ట్ అనో, ఎమర్జెన్సీ స్టార్ట్ అనో, ఆక్స్ స్టార్ట్ అనో రాసిన స్విచ్ ఉంటుంది. దాన్ని నొక్కిపట్టుకున్నంతసేపు ఒక పెద్ద సోలనాయిడ్ రెండు వ్యవస్థలనూ కలుపుతుంది. ఇంజిను స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలు నడవనిచ్చి, ఒకరు ఆ స్విచ్ నొక్కిపట్టగా మరొకరు జనరేటరు స్టార్ట్ చేయండి. జనరేటరు అందుకున్నదంటే కన్వర్టర్ మేలుకుంటుంది, మిగతా పని దానికి వదిలేయవచ్చు. స్విచ్ నొక్కినప్పుడు బండి కింది నుంచి ఠప్పుమని ఒక్క చప్పుడైనా వినిపించకపోతే ఆ సోలనాయిడే పాడైవుంటుంది. అప్పుడు ఇంజిను బ్యాటరీ నుంచి ఇంటి బ్యాటరీకి లావు కేబుళ్ళు వేసి అదే ఫలితం తెచ్చుకోవచ్చు.

అసలు మీ జాకుల పంపు ఏ బ్యాటరీ మీద ఉందో కూడా చూడండి. చాలా మోటర్‌హోముల్లో అది ఇంజిను బ్యాటరీ మీదే ఉంటుంది, కాబట్టి హౌస్ బ్యాటరీ చచ్చినంతమాత్రాన జాకులు ఆగకూడదు. ఆగాయంటే పార్కింగ్ బ్రేకు వేశారా, ఇంజిను తాళంచెవి ఏ స్థానంలో ఉంది అన్నవి ముందు చూడాలి, ఎందుకంటే జాకుల కంట్రోలు ఇవి తన లెక్క ప్రకారం లేకపోతే పనిచేయడానికి ఒప్పుకోదు. స్లైడ్లకు కూడా ఇటువంటి అడ్డుతాళాలు ఉంటాయి. కొన్ని బండ్లలో తాళంచెవి తిప్పివుంటే స్లైడ్ కదలదు, కొన్నింటిలో తిప్పితేనే కదులుతుంది. బ్యాటరీని నిందించే ముందు ఈ రెండు నిమిషాల పరీక్ష చేయకపోవడం వల్ల మంచి బ్యాటరీలు ఎన్నో చెత్తలోకి వెళ్ళాయని మా అభిప్రాయం.

ఇక వాల్వు సంగతి. మీ స్నేహితులు చెప్పినది స్ప్రింగు జాకుల విషయంలో నిజమే. వాటిని కిందికి దింపేది నూనె ఒత్తిడి, పైకి లాగేది బయట బిగించిన పెద్ద స్ప్రింగులు. పంపు దగ్గరున్న విడుదల వాల్వును తిప్పితే నూనె ట్యాంకులోకి వెనక్కి పారి, బండి చక్రాల మీదికి దిగి, జాకులు పైకి పోతాయి. ప్రమాదం ఎక్కడంటే, దిగేది టన్నుల బరువు. వాల్వు బండి బయటి అరలో ఉండి చేయి చాపితే అందేలా ఉంటే, చక్రాలకు ముందూ వెనుకా దుంగలు పెట్టి, స్లైడ్లన్నీ లోపలికి వచ్చాకే, ఒక్కో వాల్వును పావు చుట్టు చొప్పున నెమ్మదిగా తెరవవచ్చు. వాల్వు బండి అడుగున ఉండి దాని కోసం శరీరాన్ని లోపలికి దూర్చవలసి వస్తే ఆ పని చేయకండి. జాకు మీద నిలిచిన బండి కింద మనిషి ఉండకూడదన్న నియమానికి చచ్చిన బ్యాటరీ మినహాయింపు కాదు. అటువంటప్పుడు సర్వీసు వాళ్ళను పిలవడమే సరైన నిర్ణయం.

రెండు దిక్కులా నూనె ఒత్తిడితోనే నడిచే జాకులకు స్ప్రింగులుండవు, వాటికి వాల్వు తెరిచినంతమాత్రాన చాలదు, పంపు తిరగాలి. చాలా హైడ్రాలిక్ పంపుల్లో మోటారు చివర చిన్న మూత కింద ఆరు పలకల పట్టు ఉంటుంది. మూత తీసి అందులో బిట్టు పెట్టి బ్యాటరీ డ్రిల్లుతో తిప్పితే పంపు మోటారు లేకుండానే నూనె తోస్తుంది. ఏ వైపు తిప్పాలో, ఏ వాల్వును చేత్తో తెరిచి ఉంచాలో పంపు మీది కాగితంలో ఉంటుంది, ఆ కాగితాన్ని ఇప్పుడే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. లాగుడు బండి వెనుక భాగం మీద ముక్కు ఆనించే ఫిఫ్త్ వీల్ ట్రైలర్లలో ఇదే పంపు స్లైడ్లనూ జాకులనూ రెంటినీ నడుపుతుంది కనుక, ముందు జాకుల బదులు స్లైడ్ల వాల్వును తెరిచి గదులను లోపలికి తెచ్చుకోవాలి. ముందువైపు జాకులు ట్రైలరు ముక్కు భారాన్ని మోస్తుంటాయి, లాగుడు బండి కిందకు చేరి, రెంటినీ కలిపే హిచ్ పడే దాకా వాటిని ముట్టుకోకూడదు.

ప్రశ్న: మా స్లైడ్‌కు గోడల్లోనే పళ్ళ పట్టాలు ఉన్న ష్విన్‌టెక్ యంత్రాంగం ఉంది. బ్యాటరీ తగ్గిపోయి సగంలో ఆగింది, ఒక చివర రెండు అంగుళాలు ముందుంది. వెనుకబడిన వైపు మనుషులం కలిసి తోసి సరిచేయవచ్చా?

జవాబు: తోయకండి. ఈ యంత్రాంగంలో గదికి రెండు చివరలా చెరొక మోటారు ఉంటుంది. ఆ రెండూ ఎన్ని చుట్లు తిరిగాయో సెన్సార్లతో లెక్కపెడుతూ కంట్రోలర్ వాటిని సమంగా నడుపుతుంది. వోల్టేజీ పడిపోయినప్పుడు మొదట చెడేది ఈ లెక్కే. మోటార్లు ఇంకా పళ్ళలో పట్టి ఉండగా ఒక వైపు బలంగా తోస్తే అల్యూమినియం పట్టాల పళ్ళు తెగుతాయి, ఆ మరమ్మతు బ్యాటరీ మార్చడం లాంటిది కాదు.

ముందు బ్యాటరీకి నిండు వోల్టేజీ తెప్పించండి, షోర్ పవర్ అయినా సరే, కారు నుంచి కేబుళ్ళయినా సరే. ఆ తరువాత స్విచ్‌ను ఒక దిక్కుగా నొక్కిపట్టి, గది చివరిదాకా వెళ్ళి మోటార్లు రెండూ ఆగాక కూడా ఇంకొన్ని సెకన్లు వదలకుండా ఉంచండి. రెండు చివరలూ తమ హద్దును తాకినప్పుడు కంట్రోలర్ లెక్కను కొత్తగా మొదలుపెడుతుంది. దానికీ లొంగకపోతే, చాలా నమూనాల్లో కంట్రోలర్ మీది మోడ్ బటన్‌ను ఆరుసార్లు గబగబా నొక్కి ఏడోసారి దీపాలు మినుకుమనేదాకా పట్టుకుంటే అది లెక్కలు పక్కనబెట్టి మోటార్లను నేరుగా నడిపే పద్ధతిలోకి మారుతుంది. ఈ పద్ధతిలో రెండు వైపులను సమంగా ఉంచే నాథుడు ఉండడు కనుక, గదికి ఇటొకరు అటొకరు నిలబడి చూస్తుండాలి, తేడా పెరుగుతుంటే వెంటనే ఆపాలి.

వోల్టేజీ ఏ విధంగానూ దొరకనప్పుడు మాత్రమే మోటార్లను పట్టి ఉంచే మరను తీసి, రెంటినీ పైకెత్తి పళ్ళ నుంచి విడిపించి, ఇద్దరో నలుగురో రెండు చివరలా ఒకేసారి తోసి గదిని మూయాలి. మూసిన తరువాత మోటార్లను మళ్ళీ పళ్ళలోకి దించి మర బిగించడం మరవకండి. ఈ స్లైడ్‌ను ప్రయాణంలో బయటికి రాకుండా పట్టుకునేవి ఆ మోటార్లే, అవి విడిపడి ఉండగా మలుపు తిరిగితే గది రోడ్డు మీదికి వస్తుంది.

ప్రశ్న: అరచేతిలో పట్టే జంప్ స్టార్టర్‌తో గాని, డ్రిల్లు బ్యాటరీతో గాని ట్రైలరు ముందరి జాకు నడపవచ్చా?

జవాబు: జంప్ స్టార్టర్ మీద రాసిన వందల ఆంపియర్లు కొన్ని సెకన్ల మాట. ముందరి జాకును కొద్దిసేపు, మధ్యమధ్య విరామమిస్తూ, అది నడపగలదు. హైడ్రాలిక్ పంపును మాత్రం నడపలేదు. బ్యాటరీ మరీ చచ్చివుంటే జంప్ స్టార్టర్ అక్కడ బ్యాటరీ ఉందనే గుర్తించక ఊరుకుంటుంది. దాన్ని బలవంతంగా తెరిచే బూస్ట్ బటన్ ఉంటుంది గాని, ఆ పద్ధతిలో తలకిందులుగా తగిలించకుండా కాపాడే రక్షణ పనిచేయదు. డ్రిల్లు బ్యాటరీలు 18 వోల్టులవి, నిండుగా ఉన్నప్పుడు 20 దాకా ఇస్తాయి. వాటిని 12 వోల్టుల బోర్డులకు నేరుగా తగిలించడం ఎందుకూ కొరగాని తెలివి. ఆ డ్రిల్లునే జాకు తలమీది రబ్బరు మూత కింద ఉండే చేతితిరుగుడు పట్టుకు తగిలించి, తక్కువ వేగంలో, రెండు చేతులా గట్టిగా పట్టుకుని తిప్పండి. చివరి రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి, హద్దు తగిలినప్పుడు డ్రిల్లు మణికట్టును మెలిపెడుతుంది.

ప్రశ్న: కొత్తగా లిథియం బ్యాటరీ పెట్టించుకున్నాము. ఉదయం మీటరులో దాదాపు సున్నా చూపించింది. అంత ఖరీదైనది ఒక్క రాత్రిలో చచ్చిపోతుందా?

జవాబు: చావలేదు, తలుపు వేసుకుంది. లిథియం బ్యాటరీ లోపలి రక్షణ బోర్డు, సెల్‌ల వోల్టేజీ మరీ తగ్గినప్పుడు బయటి టెర్మినళ్ళను తెగతెంచుకుంటుంది, అందుకే మీటరుకు ఏమీ కనబడదు. లిథియంను మేల్కొలిపే ఏర్పాటున్న ఛార్జరుతో గాని, 12 వోల్టుల మరో మూలాన్ని కొద్దిసేపు సమాంతరంగా తగిలించి గాని దాన్ని తెరిపించవచ్చు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే తక్కువగా ఉంటే బోర్డు ఛార్జిని తీసుకోనివ్వదు, బ్యాటరీని వెచ్చబరచేదాకా ఆగాలి. నడుస్తున్న కారు నుంచి నేరుగా ఎక్కువసేపు కేబుళ్ళు వేసి ఉంచకండి. లిథియం అందినంత కరెంటూ లాగేస్తుంది, నెమ్మదిగా తిరుగుతున్న ఇంజిను మీది ఆల్టర్నేటరు చల్లారే వీలులేక కాలిపోవచ్చు.

వోల్టేజీని పాత అలవాటుతో చదవకూడదన్నది మరో ముఖ్యమైన సంగతి. 12.8 వోల్టులు లెడ్ యాసిడ్‌లో నిండుకు గుర్తు, లిథియంలో అడుగంటుతున్నదానికి గుర్తు, అది నిండుగా ఉంటే 13.3 పైన చూపించాలి. 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీల్లో చాలా వాటి బోర్డు నిరంతరంగా 100 ఆంపియర్ల దాకే అనుమతిస్తుంది. మీకు హైడ్రాలిక్ పంపు ఉంటే, బ్యాటరీ నిండుగా ఉన్నా పంపు నొక్కగానే అంతా చీకటైపోవడం జరగవచ్చు. అది బ్యాటరీ లోపం కాదు, ఎంపికలో లోపం. రెండు బ్యాటరీలను సమాంతరంగా పెట్టడమో, ఎక్కువ ఆంపియర్లకు తట్టుకునే బోర్డున్నదాన్ని కొనడమో చేయాలి.

ప్రశ్న: బండి నిలిపివుంచినప్పుడు ఏదీ వాడకపోయినా వారంలో బ్యాటరీ ఎలా ఖాళీ అవుతుంది? చేత్తో తిప్పే క్రాంకు ఇచ్చారు గాని దాన్ని ఎక్కడ పెట్టి తిప్పాలో తెలియదు.

జవాబు: గ్యాస్ లీకును పసిగట్టే పరికరం, ఫ్రిజ్ బోర్డు, రేడియో జ్ఞాపకం వంటివి ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. అన్నీ కలిసి అర ఆంపియరు తీసుకున్నా రోజుకు 12 ఆంపియర్ అవర్లు, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీకి ఎనిమిది రోజుల ఆయువు. డిస్కనెక్ట్ స్విచ్ తిప్పితే వీటిలో చాలావరకు ఆగుతాయి. కొన్ని పరికరాలను స్విచ్‌కు ముందే కలిపి ఉంటారు కనుక, నెలల తరబడి నిలిపేటప్పుడు నెగటివ్ తీగనే విప్పడం మంచిది. ఎండ పడే చోటైతే కంట్రోలరుతో కూడిన 100 వాట్ల సోలార్ పలక ఈ నష్టాన్ని సులువుగా పూడుస్తుంది.

క్రాంకు పెట్టే చోటును చట్రం కింది అంచున, స్లైడ్‌కు ఎదురువైపు గోడ దిగువన, రబ్బరు బిరడా ఉన్న రంధ్రంలో వెతకండి. మనిషి చేయి సులభంగా దూరని చోటే దాన్ని పెట్టాలన్నది తయారీదారులందరి ఏకాభిప్రాయంలా కనిపిస్తుంది. క్రాంకు ఎంతకూ తిరగకపోతే బలం ప్రయోగించకండి, మోటారు బ్రేకు పట్టి ఉంటుంది. మోటారు వెనుక భాగాన చిన్న మీట ఉంటుంది, దాన్ని తిప్పితే బ్రేకు విడిపోయి క్రాంకు తేలికగా తిరుగుతుంది. గది పూర్తిగా లోపలికి వచ్చాక ఆ మీటను తిరిగి మొదటి స్థానానికి తిప్పి, గదిని చేత్తో ఒకసారి బయటికి తోసి చూడండి. కదిలిందంటే బ్రేకు ఇంకా పట్టలేదు, అలా ఉండగా బండి కదిలించకూడదు.